నిధి నిండిందని ఎవరి లెక్క? పెన్షన్ ఒప్పందాలూ, హుజూర్‌నగర్ కాంట్రాక్టు కూలీలూ

పెన్షన్ పెంచమని కార్మికులు అడిగినప్పుడల్లా పైనుంచి ఒకటే జవాబు వస్తుంది: "ఫండ్‌లో అంత శక్తి లేదు." ఈ మాటకు ఎదురు చెప్పడం మనవాళ్లకు కష్టం. ఫండ్ లెక్క వేసేవాడు ఆక్చువరీ, చదివేవాడు ఆఫీసరు. పని చేసినోడికి ఆ కాగితం అందదు, అందినా అర్థం కాదు. అందుకే ఆ లెక్క ఎట్లా వేస్తరో, ఒప్పందంలోని ఏ మాట దాన్ని ఎటు తిప్పుతుందో ఇక్కడ వివరించే ప్రయత్నం చేస్తున్నాం. మా కళ్లముందున్నది హుజూర్‌నగర్ ప్రాంతం. మేళ్లచెరువు, మఠంపల్లి, చింతలపాలెం వైపు సున్నపురాయి గనులూ సిమెంటు ఫ్యాక్టరీలూ ఉన్నయి. మేము చూసినంతలో క్వారీ, ప్యాకింగు, లోడింగు పనుల్లో కాంట్రాక్టరు కింద ఉన్నవాళ్లలో మాదిగ, మాల, లంబాడా కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ.

నిధి స్థాయి అంటే ఏమిటి

పెన్షన్ నిధికి రెండు పక్కలుంటయి. ఒక పక్క ఇప్పుడు చేతిలో ఉన్న ఆస్తి. రెండో పక్క ముందుముందు సభ్యులకు ఇవ్వవలసిన పెన్షన్ల బాకీ. ఆస్తిని బాకీతో భాగించి నూటితో హెచ్చవేస్తే వచ్చేదే నిధి స్థాయి. నూరు వస్తే సరిపోయిందని, ఎనభై వస్తే ఇరవై పాళ్లు తక్కువని అర్థం.

ఆస్తిని లెక్కపెట్టడం తేలికే. బాకీ దగ్గరే చిక్కంతా. ఇరవై ఏళ్ల తర్వాత ఇవ్వవలసిన డబ్బుకు ఈనాటి విలువ ఎంత? అందుకు ఆక్చువరీ కొన్ని ఊహలు చేసుకుంటడు: వడ్డీ ఎంత వస్తుంది, జీతం ఎంత పెరుగుతుంది, మనిషి ఎన్నేళ్లు బతుకుతడు, ఎంతమంది మధ్యలో పని మానేస్తరు.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఇరవై ఏళ్లకు 100 లక్షలు చెల్లించాలి. నిధిలో ఇప్పుడు 25 లక్షలున్నయి. ఏటా 8 శాతం వడ్డీ వస్తుందనుకుంటే ఆ 100 లక్షల బాకీ ఈనాటి విలువ సుమారు 21 లక్షల 45 వేలు. అప్పుడు నిధి స్థాయి 117 శాతం దాకా ఉంటుంది. 6 శాతమే వస్తుందనుకుంటే బాకీ 31 లక్షల 18 వేలవుతుంది, నిధి స్థాయి 80 శాతానికి దిగుతుంది. పైసా మారలేదు, మనిషీ మారలేదు. ఒక ఊహ మారితే మిగులు కాస్తా లోటయింది.

అందువల్ల నిధి స్థాయిని చట్టంలోనో ఒప్పందంలోనో రాసేటప్పుడు ఉత్త శాతం రాస్తే చాలదు. ఏ వడ్డీ రేటుతో, ఏ తేదీన, ఎవరు నియమించిన ఆక్చువరీ లెక్కించాలో కూడా రాయాలి. అమెరికాలో 2006 నాటి పెన్షన్ రక్షణ చట్టం కంపెనీల పెన్షన్ పథకాల స్థాయి 80 శాతం కంటే పడిపోతే కొన్ని ఆంక్షలు పెట్టింది, 60 కంటే దిగితే మరింత కఠినం చేసింది. దానితో పాటు ఏ వడ్డీ రేట్లు వాడాలో కూడా నిర్దేశించింది.

మన పథకంలోని మాటలు

మన దగ్గర ప్రైవేటు కార్మికులకున్నది 1995 నవంబర్ 16న వచ్చిన ఉద్యోగుల పెన్షన్ పథకం. యజమాని వాటా నుంచి జీతంలో 8.33 శాతం, కేంద్ర ప్రభుత్వం నుంచి 1.16 శాతం ఈ నిధికి పోతుంది. 2014 సెప్టెంబర్ నుంచి జీతం పరిమితి 15,000. పెన్షన్ సూత్రం సులువైనదే: చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగించాలి. నెలనెలా పెన్షన్ రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసుండాలి.

ఈ నిధిని కేంద్ర ప్రభుత్వం ఏటా ఆక్చువరీ చేత మదింపు చేయించాలని పథకమే చెప్తుంది. నిధి అనుమతించినప్పుడు చందా రేటునూ ప్రయోజనాల స్థాయినీ ప్రభుత్వం మార్చవచ్చనీ చెప్తుంది. "నిధి అనుమతించినప్పుడు" అన్న మాటే ఇక్కడ కీలకం. నిధి తనంత తాను నోరు తెరిచి అనుమతి ఇవ్వదు. ఆక్చువరీ ఊహలే దాని నోరు. కనీస పెన్షన్ 2014 సెప్టెంబర్‌లో వెయ్యి రూపాయలయింది. పదేళ్లు దాటినా ఆ అంకె కదలలేదు. ఏ చందా లేకుండా బడ్జెట్ నుంచి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే ఆసరా వృద్ధాప్య పెన్షన్ మాత్రం 2019లోనే 2,016 అయింది. ఏళ్ల తరబడి చందా కట్టినోడికి హామీ వెయ్యి, కట్టనోడికి రెండు వేల పదహారు!

ఇక "జీతం" అనే మాట. 15,000 తీసుకునే కూలికి యజమాని 9,000 మూలవేతనంగా, 6,000 అలవెన్సులుగా రాసిండనుకుందాం. పదిహేనేళ్ల సర్వీసుకు 15,000 మీదైతే నెలకు 3,214 రూపాయల పెన్షన్ రావాలి. 9,000 మీదైతే వచ్చేది 1,929. నిధికి వెళ్లే చందా కూడా 1,250 నుంచి 750కి తగ్గుతుంది. ఇప్పుడు నిధి స్థాయి ఏమయింది? రాబడీ తగ్గింది, బాకీ కూడా దాదాపు అదే పాళ్లలో తగ్గింది. శాతం ఉన్నచోటే ఉంటుంది. తగ్గింది ముసలితనంలో కూలివాడి కంచంలో మెతుకులే.

అందరికీ ఒకే తీరుగా ఇచ్చే అలవెన్సులను మూలవేతనంలో కలిపే చందా లెక్కించాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 28న తీర్పు చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో వేతనానికి కొత్త నిర్వచనముంది: మినహాయింపులు మొత్తంలో సగం దాటితే దాటిన భాగం వేతనంలో కలుస్తుంది. మంచిదే. కానీ మన ఉదాహరణలోని 6,000 సగం దాటలేదు. మినహాయింపుల జాబితాలో ఉన్న పేర్లతోనే దాన్ని రాస్తే ఈ ఒక్క నిబంధన ఆ కూలివాణ్ణి కాపాడలేదు.

ఎవరి బాకీ రాసిండ్రు

ఒప్పందంలో పక్షమైతే ఏమవుతుందో కరెంటు బోర్డు చరిత్ర చూపిస్తుంది. 1998 విద్యుత్ సంస్కరణల చట్టం కింద 1999 ఫిబ్రవరి 1న ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడదీసిండ్రు. పాత ఉద్యోగుల పెన్షన్ ఏమవుతుందని యూనియన్లు నిలదీసినయి. ప్రభుత్వం, బోర్డు, యూనియన్ల మధ్య త్రైపాక్షిక ఒప్పందం కుదిరింది. పాత బాకీకి మాస్టర్ ట్రస్టు, దానికి బాండ్లు ఏర్పాటయినయి. అంటే ఆ నిధిని నింపింది ఎక్కువగా కాగితం హామీయే. అయినా ఆ హామీ వెనుక సంతకాలున్నయి, సంతకాల వెనుక సంఘాలున్నయి. ఆ తేదీ తర్వాత చేరినవాళ్లు భవిష్యనిధి కిందికి పోయిండ్రు. అవే స్తంభాలెక్కిన కాంట్రాక్టు కార్మికులు ఆ ఒప్పందంలో పక్షమే కాదు. వాళ్ల ముసలితనం ఏ ఆక్చువరీ పట్టికలోనూ బాకీగా ఎక్కలేదు.

సిమెంటు పనుల్లో కాంట్రాక్టు కూలి సంగతీ అంతే. కాంట్రాక్టరు మారితే పాత పేరు పోతది, కొత్త నంబరు వస్తది. కొన్నిసార్లు నంబరే ఉండదు. 2014 నుంచి ఒకే శాశ్వత ఖాతా నంబరు పద్ధతి వచ్చింది. పాత సర్వీసును కొత్తదానితో కలుపుకోవచ్చు. కానీ ఆధార్‌లో పేరొక తీరు, మస్టర్‌లో ఇంకో తీరు ఉంటే ఆ కలపడమే ఒక యుద్ధం. కలవకపోతే పదేళ్లు నిండవు. నిండకుండానే వెళ్లిపోతే సుమారు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున చేతిలో పెడతరు. బతికినంతకాలం రావలసిన పెన్షన్ అక్కడితో తెగిపోతది.

అసలు పేరే ఎక్కని మనిషి సంగతి చూడండి. అతని చందా నిధికి రాలేదు, అతని బాకీ పద్దులో లేదు. పేరు లేని కూలీలు వంద మంది ఉన్నా వెయ్యి మంది ఉన్నా నిధి స్థాయి శాతం మారదు. ఈ కొలతకు ఉన్న పెద్ద లోపం ఇదే అని మేము అంటున్నాం. ఎక్కినవాళ్ల బాకీ ఎంత తీరిందో అది చెప్తుంది. ఎక్కనోళ్లు ఎంతమందో చెప్పదు. ఆక్చువరీ పని సభ్యుల పట్టికతోనే మొదలవుతుంది. ఆ పట్టిక తయారయ్యేది కాంట్రాక్టరు మస్టర్ దగ్గర. అక్కడ ఎవరి పేరు రాయాలో, ఎవరిది వదిలేయాలో తేల్చేటప్పుడు కులానికి చోటు లేదనుకోవడం అమాయకత్వం.

ఇది నల్లగొండ నేలకు కొత్తది కాదు. భాగేలా జీతగాడి అప్పు దొర పద్దులో ఉండేది. ఎంత తీరిందో, ఎంత మిగిలిందో దొర చెప్పిందే లెక్క. 1936లో నిజాం ప్రభుత్వం భాగేలా ఒప్పందాలకు నిబంధనలు తెచ్చినా పద్దు ఆ చేతిలోనే మిగిలింది. అప్పుడు లేని బాకీని మన తాతల మీద రాసిండ్రు. ఇప్పుడు మనకు ఉన్న బాకీని రాయకుండా వదిలేస్తున్నరు.

అడగవలసినవి

చట్టం చేతికి ఒక ఆయుధం ఇచ్చింది. 1952 భవిష్యనిధి పథకం ప్రకారం కాంట్రాక్టు కూలీల చందాకు కూడా మొదటి బాధ్యత ప్రధాన యజమానిదే. కట్టి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. "కాంట్రాక్టరును అడుగు" అని గేటు దగ్గర నుంచి పంపించేస్తే ఆ మాట చెల్లదు.

కాబట్టి సంఘాలు అడగవలసినవి నాలుగున్నయి. ప్రతి కాంట్రాక్టు పత్రంలో ఎంతమంది కూలీలో, ఎంత జీతం మీద చందా కడతరో రాయాలి. కాంట్రాక్టరు మారినప్పుడు పాత నంబరుతోనే కొనసాగించే షరతు పెట్టాలి. నెలనెలా చందా రసీదు గేటు దగ్గర తెలుగులో అంటించాలి. ఏటా జరిగే ఆక్చువరీ మదింపులో వాడిన ఊహలు కార్మికులకు అర్థమయ్యే భాషలో బయటపెట్టాలి.

నిధి నిండిందా లేదా అన్నది ఆ తర్వాత మాట్లాడుకుందాం. ముందుగా మస్టర్ తెరవండి, మన పేర్లు అందులో ఉన్నయో లేవో చూద్దాం.