తొగరు రంగు దారి

దిల్‌సుఖ్‌నగర్ మీదుగా లాల్ బహదూర్ నగర్ చేరు మెట్రో మార్గమునకు ఎఱుపు మార్గమని పేరు. మియాపూర్ నుండి ఇచ్చటి వఱకు 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. అమీర్‌పేట నుండి ఇటు వచ్చు భాగము 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైనది. నగరమునందలి మూడు మార్గములను వేఱుగా గుర్తించుటకు ఎఱుపు, నీలము, ఆకుపచ్చ రంగులను ఎన్నుకొనిరి. పటములో కంటికి తోచుటయే గాని ఆ ఎఱుపునకు మఱియొక అర్థము లేదు. ‘లాల్’ అనగా ఉర్దూలో ఎఱుపు గనుక ఎఱుపు దారి లాల్ బహదూర్ నగరున ముగియుట సమంజసమేయని విద్యార్థులు చమత్కరింపవచ్చును. శాస్త్రిగారి పేరులోని లాల్ ముద్దుపిలుపే గాని రంగు కాదు.

అయితే ఈ దారి ముగిసిన చోటనే మఱియొక ఎఱుపు దారి మొదలగుచున్నది. లాల్ బహదూర్ నగర్ నుండి తూర్పుగా విజయవాడ రహదారి పట్టి చౌటుప్పల్ చేరి, అటనుండి సంస్థాన్ నారాయణపురము వైపు తిరిగినచో పుట్టపాక వచ్చును. యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఈ గ్రామమున నేతగాండ్రు తేలియా రుమాలు నేయుదురు. 2011లో పద్మశ్రీ పురస్కారము నందిన గజం గోవర్ధన గారిది ఈ ఊరే. రుమాలనగానే జేబులో మడచి పెట్టుకొను గుడ్డపీలిక యని తలపరాదు. ఇది తలపాగాగా చుట్టుకొనదగిన పెద్ద చదరపు వస్త్రము. చీరాల మగ్గములపై నేసిన రుమాళ్లు ఒకప్పుడు సముద్రము దాటి అరబ్బు దేశములకు పోయినవి.

‘తేల్’ అనగా నూనె. నూలును నూనెలోను, ఆముదపు కాయలు కాల్చిన బూడిద నీటిలోను పలుమార్లు నానవేసి, పిసికి, ఎండబెట్టుదురు. ఓర్పునకే పరీక్షయైన పని. దానివలన నూలు రంగును లోనికి పట్టుకొనును. నూనె వాసన మాత్రము నేత ముగిసినను విడువదు. రంగులు మూడే: ఎఱుపు, నలుపు, తెలుపు. ఆ ఎఱుపు అంత గాఢముగ కనబడుటకు రంగొక్కటియే కారణము కాదు. ప్రక్కనున్న నలుపు దానిని అణచి నిలుపును, నడుమ తెలుపు దానికి ఊపిరి నిచ్చును. ఎఱుపునకు ఎఱుపే తోడైనచో కన్ను అలసిపోవునని ఆ పనివాండ్రకు ఏ గ్రంథమును చెప్పలేదు.

తెలుగువారు ఎఱుపునంతను ఒక్కటిగ చూచినవారు కారు. మణి కాంతి గలది కెంపు, మట్టి వన్నె గలది జేగురు, లక్కనుండి తీసినది లత్తుక, ముదురు ఎఱుపు తొగరు. మచిలీపట్నపు అద్దకమునకు పేరు తెచ్చిన ముదురెఱుపు చిరివేరునుండి వచ్చినది. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీట ముంచి ఆరవేయుదురు. ఎఱుపు కావలసిన తావున పటికనీరు అద్దుదురు. అప్పటికి అచ్చట ఎఱుపు లేదు. చిరివేరు వేసిన నీట ఉడికించునపుడు పటిక తగిలిన తావుననే రంగు నిలుచును. తక్కిన చోట అంటినది ఉతుకులకు, ఎండకు వదలిపోవును. వేరొక్కటియు రంగు నిలుపజాలదు, పటికకు రంగే లేదు.

1868లో జర్మను రసాయనవేత్తలు గ్రేబె, లీబర్‌మన్ మంజిష్ఠ జాతి వేళ్లలోని అలిజరిన్ అను రంగుపదార్థమును ప్రయోగశాలలో తయారుచేసిరి. అది కర్మాగారములలో చౌకగ తయారైన పిమ్మట వేరు త్రవ్వువారికి పని తగ్గినది. తేలియా రుమాలులోనికిని అలిజరినే వచ్చినది. ఇందు నేతగానిని తప్పుపట్టుట అన్యాయము. కూలి గిట్టని చోట పాత వేరునే పట్టుకొని యుండుమనుట, కొనువారికి సులభమైన ధర్మబోధ.

ఇంటిలోని ఎఱుపును ఇట్టిదే. పసుపు పచ్చన, సున్నము తెల్లన. రెండును కలిసిన పారాణి ఎఱ్ఱన. పెండ్లికూతురి పాదములకు అదియే శోభ, దిష్టి తీయు ఎఱ్ఱనీళ్లకు అదియే మూలము. కాని సంఘము తానిచ్చిన ఎఱుపును తానే తుడిచివేసినది. భర్త పోయిన స్త్రీ నుదుట కుంకుమ చెరపుటను ఆచారమనిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున జరిపించిన వితంతు వివాహమును ఆచారవాదులు అంతగ ఎదిరించుట ఏల? ఒక బాలిక నుదుటి బొట్టుపై అధికారము ఎవ్వరిదన్న ప్రశ్న అచ్చట పుట్టినది. శుభకార్యములలో ఆ స్త్రీలను వెనుకకు నెట్టు ఇండ్లు నేటికిని కలవు గనుక, ఎఱుపు మంగళకరమని పాఠము చెప్పునపుడు ఈ భాగమును విడిచిపెట్టుట తగదు.

తేలియా రుమాలునకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను అంగళ్లలో ఆ వన్నెను, ఆ చదరములను యంత్రముపై అచ్చువేసిన గుడ్డలు తక్కువ వెలకు దొరకుచున్నవి. బట్టల దుకాణములు బారులు తీరిన దిల్‌సుఖ్‌నగరులో కొనబోవువారు గుడ్డను ఒక్కమాఱు తిరగవేసి చూచిన చాలును. అచ్చువేసినదైనచో లోవైపు రంగు సాధారణముగ వెలవెలబోవును. నూలును కట్టి, అద్ది, నేసినదైనచో రెండు వైపులను ఒక్కటే రంగు. రూపుల అంచులు మాత్రము కొంచెము చెదరినట్లుండును. కట్టిన దారము క్రిందికి రంగు ప్రాకిన జాడ అది.