పావురాల గూటి పాత్రలు, గూటి సామగ్రి: ఎంపిక

పావురాలను జత కట్టించడం గురించి ముందు పాఠంలో చదివారు. జత కుదిరిన తరువాత సుమారు పది రోజుల్లో ఆడ పావురం గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు ఎక్కడ పడాలి, దేనిమీద పడాలి అనేది ఈ పాఠంలో విషయం. చిన్న విషయంగా కనిపిస్తుంది కాని, పిల్ల బతికి తన కాళ్ల మీద తాను నిలబడుతుందా లేదా అన్నది చాలావరకు దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

గిజిగాడి గూడు చూసిన కంటితో పావురం గూడు చూస్తే ఇదీ ఒక గూడేనా అనిపిస్తుంది. నాలుగు పుల్లలు, ఒక ఈక, అంతే. దీన్ని సోమరితనం అనుకోకండి. మనం పెంచే పావురాలన్నిటికీ మూలం కొలంబా లివియా అనే కొండ పావురమని చార్లెస్ డార్విన్ 1859లో వెలువడిన ‘జాతుల ఉత్పత్తి’ గ్రంథంలో వాదించాడు. ఆ కొండ పావురం రాతి అంచుల మీద, గుహల్లో గుడ్లు పెడుతుంది. రాయి గరుకుగా ఉంటుంది, అక్కడక్కడ పల్లాలుంటాయి. గుడ్డు దొర్లకుండా, పిల్ల జారకుండా ఆ రాయే చూసుకుంటుంది. ఇక పక్షి అల్లవలసింది కొంచెమే. అదే పక్షిని తెచ్చి నున్నని చెక్క అరలో పెట్టాం. దాని స్వభావం మారలేదు, చోటు మారింది. రాయి చేసే పనిని ఇప్పుడు మనం ఇచ్చే గూటి పాత్ర చేయాలి. కింద చెప్పే నియమాలన్నీ ఈ ఒక్క సంగతి నుంచే వస్తాయి.

ముందుగా కొలతలు. పావురం మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది. మొదటి గుడ్డు తరువాత రెండోది రావడానికి దాదాపు 44 గంటలు పడుతుంది. పొదగడం 17, 18 రోజులు. తల్లీతండ్రీ వంతులవారీగా పొదుగుతాయి. పగటివేళ ఎక్కువ భాగం మగది, సాయంత్రం నుంచి మరునాటి ఉదయం దాకా ఆడది కూర్చుంటుంది. అంటే రోజూ పక్షులు మారుతుంటాయి, పాత్రలోకి దిగుతుంటాయి, ఎక్కుతుంటాయి. పాత్ర మరీ లోతైతే దిగే పక్షి గుడ్ల మీదకే దూకినట్లవుతుంది. మరీ వెడల్పైతే రెండు గుడ్లూ చెరో పక్కకు పోయి ఒకటి చల్లబడుతుంది. మధ్యరకం జాతులకు లోపలి వెడల్పు 20 నుంచి 25 సెంటీమీటర్లు, లోతు 7, 8 సెంటీమీటర్లు సరిపోతాయి. మాంసం కోసం పెంచే పెద్ద జాతులకు మరికొంత వెడల్పు కావాలి. అడుగు మెల్లగా మధ్యకు వాలి ఉండాలి. పక్షి అంచు మీద నిలబడినా పాత్ర ఒరగకూడదు.

ఇక దేనితో చేసిన పాత్ర? మట్టి, ప్లాస్టిక్, చెక్క, అచ్చుపోసిన కాగితపు గుజ్జు, ఇవన్నీ వాడుకలో ఉన్నాయి. నన్నడిగితే మన ప్రాంతానికి మట్టిదే మేలు. కుమ్మరి దగ్గర దొరికే వెడల్పాటి మూకుడు చాలు. బరువుగా ఉండి కదలదు, అడుగు గరుకుగా ఉంటుంది, తడిని కొంత పీల్చుకుంటుంది. కిందపడితే పగులుతుందన్నదే లోపం. నున్నగా పూత పూసినది మాత్రం తీసుకోకండి. ప్లాస్టిక్ పాత్ర కడగడానికి సులువు, చౌక కూడా. కాని తేలిక, నునుపు, తడి పీల్చదు. అది వాడేవారు అడుగున కొబ్బరి పీచు చాపముక్క గాని, గోనె సంచి ముక్క గాని తప్పకుండా పరచాలి. గోనె అంచు పోగులు లేచిపోకుండా కుట్టండి. చెక్క పెట్టెల సందుల్లో ఎర్ర మైట్లు దాక్కుంటాయి. ఇవి పగలు కనిపించవు, రాత్రి వచ్చి రక్తం పీలుస్తాయి. కాగితపు గుజ్జు పాత్ర ఒక్క ఈతకు వాడి పారేయవలసినది.

నునుపు గురించి ఇంత చెప్పడానికి కారణముంది. గుడ్డు నుంచి బయటపడిన పావురం పిల్ల కళ్లు తెరవదు, నిలబడలేదు. తల్లిదండ్రుల అన్నాశయంలో తయారయ్యే పావురపు పాలతో చాలా వేగంగా బరువు పెరుగుతుంది. ఎముకలు ఇంకా మెత్తనే. కింద పట్టు దొరకకపోతే, పైన పొదిగే పక్షి బరువుకు కాళ్లు రెండు పక్కలకూ జారిపోతాయి. అలాగే వారం గడిచిందంటే కీళ్లు ఆ తీరులోనే గట్టిపడి, పిల్ల ఎన్నటికీ సరిగా నడవలేదు. మొదటి రోజుల్లోనే గమనిస్తే రెండు కాళ్లనూ సహజమైన ఎడంలో ఉంచి మెత్తని పట్టీతో కొన్నాళ్లు వదులుగా కట్టి సరిచేయవచ్చు. అందుకని పిల్ల పుట్టిన రోజు నుంచీ రోజూ ఒకసారి ఎత్తి కాళ్లు చూడటం అలవాటు చేసుకోండి.

గూటి సామగ్రి విషయానికి వస్తే, అంతా మీరే సర్దిపెట్టవద్దు. మగది ఒక్కొక్క పుల్ల తెచ్చి ఇవ్వడం, ఆడది కూర్చున్నచోటే దాన్ని చుట్టూ అమర్చుకోవడం జత బంధంలో భాగం. పాత్ర అడుగున పలుచగా పొడి ఇసుక పోసి, పైన కొద్దిగా గడ్డి వేసి, మిగిలినది గది మూలలో ఒక బుట్టలో ఉంచండి. ఏరుకోవడం వాటి పని. చీపురు పుల్లలు, కొబ్బరి ఈనెలు, సన్నని వేప పుల్లలు 10 నుంచి 15 సెంటీమీటర్ల ముక్కలుగా తుంచితే చాలు. కోస్తాలో ఉన్నవారికి సరుగుడు తోటల్లో రాలిన సన్నని ఆకు తేలికగా దొరుకుతుంది. గాలి ఆడుతుంది, తొందరగా కుళ్లదు. వరిగడ్డి కూడా మంచిదే, కాని వాన తగిలి బూజు పట్టిన గడ్డిని దగ్గరికి రానీయకండి. ఆ బూజులో ఉండే ఆస్పర్జిల్లస్ శిలీంధ్రం పిల్లల ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. దారాలు, వెంట్రుకలు, ప్లాస్టిక్ పోగులు కాళ్లకు చుట్టుకుని వేళ్లు ఊడిపోయేదాకా బిగుసుకుంటాయి. పట్టణాల్లో కుంటుతూ తిరిగే పావురాల కాళ్లను పరిశీలించండి, చాలావాటికి ఏదో ఒక దారం కనిపిస్తుంది.

పొగాకు కాడలు వేయడం పాశ్చాత్య దేశాల పెంపకందారులకు పాత అలవాటు. నికోటిన్ పురుగులను తరుముతుంది. పొగాకు పండే గుంటూరు, ప్రకాశం జిల్లాల వారికి ఇవి సులువుగా దొరుకుతాయి. పొడిగా, బూజు లేకుండా ఉంటే కొన్ని వేయవచ్చు. వేపాకు వేసినా తప్పులేదు. అయితే వీటిని నమ్ముకుని శుభ్రం చేయడం మానేస్తే అసలుకే మోసం వస్తుంది. పావురాల ఈగ సంగతి చూడండి. ఈ చదునైన ఈగ ఈకల కింద పరుగెత్తుతూ రక్తం పీలుస్తుంది. ఇది గుడ్లు పెట్టదు, ఎదిగిన లార్వానే వదులుతుంది. అది గూటి చెత్తలో నల్లని ప్యూపాగా మారి, మూడు నాలుగు వారాల్లో కొత్త ఈగగా బయటికొస్తుంది. పావురాల రక్తంలో ఉండే హీమోప్రోటియస్ పరాన్నజీవిని ఈ ఈగే మోస్తుందని సెర్జెంట్ సోదరులు 1906లో అల్జీరియాలో నిరూపించారు. పావురాలు పిల్లల రెట్టను బయట పారేయవు. గూడు రెట్టతో గట్టిపడుతుంది, ఈగకు అదే అనువైన చోటు. కాబట్టి పిల్లలకు పదిరోజులు దాటాక ఒకసారి పాత గడ్డి తీసి కొత్తది వేయండి. పాతదాన్ని కాల్చేయండి, గది మూలలో కుప్ప పోయకండి. గీకేముందు కొద్దిగా నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము మనకూ మంచిది కాదు.

చివరగా, ఒక్కో జతకు ఒక పాత్ర చాలదు. పిల్లలకు రెండు మూడు వారాలు నిండేసరికి, అవి ఇంకా మేత కోసం నోరు తెరుస్తుండగానే, ఆడది మళ్లీ గుడ్డుకు వస్తుంది. రెండో పాత్ర లేకపోతే పాత గూట్లోనే, పిల్లల కాళ్ల మధ్యే గుడ్డు పెడుతుంది. అది పగలడమో మురికిపడి చెడిపోవడమో జరుగుతుంది. అందుకే ఒక అరను రెండు పాత్రలు పట్టేంత వెడల్పుగా కట్టించాలి. పిల్లలకు పన్నెండు, పదమూడు రోజులు రాగానే రెండోదాన్ని అర అవతలి మూలన పెట్టండి. పిల్లలు వెళ్లిపోయాక మొదటి మూకుడును గీకి, వేడినీళ్లతో కడిగి, రెండు మూడు రోజులు ఎండలో బోర్లించి, తరువాతి ఈతకు సిద్ధంగా ఉంచుకోండి.