టామీకి సర్వపిండి వద్దు

కరీంనగర్ ఇళ్లల్లో సర్వపిండి కాలుతుంటే వంటింటి గడప దగ్గర అందరికంటే ముందు హాజరయ్యేది కుక్కే. నువ్వులు, కరివేపాకు, ఎల్లిగడ్డ కలిసి వేగే ఆ వాసనకు తోక ఆగదు. ‘ఒక్క తునకే కదా’ అని విరిచి వేస్తారు. చిక్కంతా ఆ తునకలోని ఎల్లిగడ్డతోనే. ఎల్లిగడ్డ, ఉల్లిగడ్డ కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. వండినా, పొడి చేసినా ఆ గుణం పోదు.

సర్వపిండి పెట్టకపోయినా, దాన్ని వత్తే ఒడుపు మాత్రం టామీకి పనికొస్తుంది. ‘కూర్చో’, ‘రా’, ‘ఆగు’ నేర్పేటప్పుడు ఇచ్చే తాయిలాన్నీ అలాగే చేయొచ్చు.

పావుకిలో కోడి కార్జం ఉడికించి మెత్తగా మెదపాలి. ఒక గుడ్డు కొట్టి, ముద్ద కట్టేంత జొన్నపిండి కలపాలి. ఉప్పు, కారం, నూనె పడవు. ఆ ముద్దను నాన్‌స్టిక్ పెంక మీద వేళ్లతో పలుచగా వత్తి, పచ్చిగా ఉండగానే అడ్డంగా, నిలువుగా గీతలు పెట్టాలి. మూతపెట్టి సన్నని సెగ మీద రెండువైపులా కాల్చి, చల్లారాక గీతల వెంట విరిస్తే శనగగింజంత ముక్కలు వస్తాయి. మాంసం వండని ఇళ్లల్లో కార్జం బదులు ఉడికించిన కందగడ్డ చాలు.

కుక్కకు జొన్నలు అరుగుతాయా? ఆదిలాబాద్ పల్లెల్లో మిగిలిన జొన్నరొట్టె తిని పెరిగిన కుక్కలను చూసినవారు ఈ ప్రశ్న అడగరు. శాస్త్రవేత్తలు 2013లో ‘నేచర్’ పత్రికలో దీనికి కారణం చెప్పారు. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు ప్రతులు తోడేలులో రెండే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. మనిషి పంచన చేరినప్పుడే మనిషి తిండికీ అలవాటు పడిందన్నమాట.

కుక్కల కోసమే బిస్కెట్ చేసి అమ్మే వ్యాపారం 1860లలో లండన్‌లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్‌తో ఊపందుకుంది. మన వీధుల్లో ఆ చోటు గ్లూకోజ్ బిస్కెట్‌ది. అందులో ఉండేది ప్రధానంగా గోధుమపిండి, చక్కెర, పామాయిల్. రోజూ నాలుగైదు వేస్తే ఒళ్లు పెరుగుతుంది. లాబ్రడార్ అయితే మరీ జాగ్రత్త. వాటిలో దాదాపు నాలుగోవంతు కుక్కలకు ఆకలి తీరనివ్వని జన్యులోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చారు.

ఇంట్లో చేసిందే అయినా కొలత తప్పకూడదు. రోజు మొత్తం తిండిలో తాయిలాల వాటా పదోవంతు దాటొద్దు. కార్జంలో విటమిన్ ‘ఎ’ ఎక్కువ కాబట్టి వారానికి రెండు మూడు రోజులు దాన్నిచ్చి, మిగతా రోజుల్లో కందగడ్డ ముక్కలు వాడొచ్చు. చాక్లెట్, కిస్మిస్, చక్కెర లేదంటూ అమ్మే చూయింగ్ గమ్‌లోని జైలిటాల్, వండిన ఎముకలు దగ్గరికే రానివ్వొద్దు.

ఇచ్చే వేళ కూడా ముఖ్యమే. మొయినాబాద్ అకాడమీలో తర్ఫీదయ్యే పోలీసు జాగిలానికైనా, ఇంటి టామీకైనా చెప్పిన పని చేసిన మరుక్షణమే బహుమతి అందాలి. పిర్ర నేలకు ఆనగానే ముక్క నోట్లో పడాలి. కాస్త ఆలస్యమైతే అప్పటికే లేచి నిలబడిన కుక్క, లేచినందుకే తిండి దొరికిందనుకుంటుంది.

మే నెల ఎండల్లో ఈ ముక్కలు జేబులో ఎక్కువసేపు ఆగవు. మానేరు డ్యామ్ కట్ట మీదికి సాయంత్రం షికారుకు వెళ్తే ఇరవై ముక్కలు చాలు. మిగిలినవి ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటాయి. మొదటి పాఠానికైతే డ్యామ్ దాకా పోనక్కర్లేదు. గడప అవతల కూర్చుంటేనే ముక్క అని వారం రోజులు పట్టుబడితే, పెంక పొయ్యి మీదికి ఎక్కేసరికే టామీ అక్కడ చతికిలబడి ఉంటుంది.