అబెట్ అను క్రియ

ఆంగ్లమున ప్రోత్సాహార్థకములగు క్రియలు పెక్కులున్నను, ‘అబెట్’ అనునది వానిలో విలక్షణమైనది. కుక్కలను ఉసికొల్పి కఱపించుట యను భావముగల ప్రాచీన ఫ్రెంచి ధాతువునుండి పుట్టి, క్రమముగా దుష్కార్యమునకు పురికొల్పి తోడ్పడుట యను అర్థమున స్థిరపడిన యీ మాటను, బాలుని చదువునకు ప్రోత్సహించు సందర్భమున వాడుట తగదు.

1860 నాటి భారత శిక్షాస్మృతి 107వ సెక్షను పురికొల్పుట, కుట్రలో చేరుట, ఉద్దేశపూర్వకముగా సాయపడుట యను మూడింటిని దీని పరిధిలో చేర్చినది. నేటి భారతీయ న్యాయ సంహితలో అది 45వ సెక్షను. దొంగ సులభముగా చొచ్చుటకై రాత్రివేళ గడియ తీసియుంచిన సేవకుడు, తానొక్క చిల్లిగవ్వయైన ముట్టకున్నను, ప్రేరకుడే. ఏమఱుపాటున గడియ వేయక నిద్రించినవాడు కాడు. మనస్సునందలి ఉద్దేశమును ఇంత నిశితముగా వేఱుచేసి చూపిన యా నిర్వచనము మిక్కిలి ప్రశంసనీయము.