టూ స్ట్రోక్, ఫోర్ స్ట్రోక్ మోటారు సైకిళ్ళ నిర్వహణ ఖర్చు

మోటారు సైకిలుకు అయ్యే ఖర్చు కొనుగోలు వెలతో ముగియదు. ఇంధనం, నూనె, మరమ్మతుల ఖర్చు ఇంజను రకాన్ని బట్టి మారుతుంది. భారతదేశంలో 1985లో విడుదలైన యమహా ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోక్ రకానికి, అదే సంవత్సరం వచ్చిన హీరో హోండా సీడీ 100 ఫోర్ స్ట్రోక్ రకానికి ఉదాహరణలు.

పనితీరు

క్రాంక్ షాఫ్టు టూ స్ట్రోక్ ఇంజనులో ఒక చుట్టు, ఫోర్ స్ట్రోక్ ఇంజనులో రెండు చుట్లు తిరిగేసరికి ఇంధనం ఒకసారి మండుతుంది. టూ స్ట్రోక్ ఇంజనులో కొంత పెట్రోలు మండకుండానే పొగగొట్టం ద్వారా బయటికి పోతుంది. ఇంజను నూనె కూడా పెట్రోలుతో కలిసి కాలిపోతుంది కనుక తరచు పోయవలసి ఉంటుంది.

ఇంధనం

సబ్బవరం నుండి విశాఖపట్నం వైపు పనికి వెళ్ళివచ్చే వ్యక్తి రోజుకు 40 కి.మీ. చొప్పున నెలకు 25 రోజులు ప్రయాణిస్తాడనుకుంటే మొత్తం 1000 కి.మీ. అవుతుంది. లీటరుకు 40 కి.మీ. నడిచే టూ స్ట్రోక్ బండికి 25 లీటర్లు, 60 కి.మీ. నడిచే ఫోర్ స్ట్రోక్ బండికి సుమారు 17 లీటర్లు కావాలి. సంవత్సరానికి తేడా దాదాపు 100 లీటర్లు.

మరమ్మతులు

టూ స్ట్రోక్ ఇంజను సిలిండరు హెడ్డులో వాల్వులు, క్యామ్ షాఫ్టు ఉండవు. అందువలన మరమ్మతు సులభం, చౌక. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో నిర్ణీత దూరానికి నూనె మార్చాలి, వాల్వులను సరిచూడాలి. అయినప్పటికీ రోజూ దూరం తిరిగేవారికి పెట్రోలులో మిగిలేది సాధారణంగా ఈ ఖర్చును మించుతుంది. అరుదుగా నడిపేవారికి ఆ లాభం స్వల్పం. ఆర్‌ఎక్స్ 100 ఉత్పత్తి 1996లో నిలిచిపోయింది కనుక, పాత బండి కొనేవారు విడిభాగాల లభ్యతను కూడా లెక్కలోనికి తీసుకోవాలి.