సముద్ర విహారం: ఓడ ఏది, గది ఏది?

ఒక తరం క్రితం మన ఇళ్ళలో ‘ఓడ’ అన్న మాట వినబడితే హజ్ యాత్రే స్ఫురించేది. బొంబాయి రేవులో ఎక్కి జిద్దాలో దిగిన దాదీలు, నానీలు డెక్కు మీద పరుపు చుట్ట విప్పుకొని గడిపిన రాత్రులను గురించి కథలు కథలుగా చెప్పేవారు. 1995తో ఆ ఓడల ప్రయాణం ముగిసింది. ఇప్పుడు ఓడ అంటే సెలవుల విహారం. 2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ అనే విహార నౌక విశాఖ రేవుకు వచ్చిన నాటి నుండి మన కుటుంబాలలోనూ ఈ ప్రస్తావన తరచుగా వినవస్తోంది. తల్లిదండ్రులను, పిల్లలను వెంటబెట్టుకొని, ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ముతో వెళ్ళేవారు ఏ ఓడ ఎక్కాలి, అందులో ఏ గది తీసుకోవాలి అని మమ్మల్ని అడుగుతున్నారు. ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. బస్సు నచ్చకపోతే తరువాతి ఊరిలో దిగిపోవచ్చు. నడి సముద్రంలో ఆ అవకాశం లేదు.

ముందుగా ఓడ సంగతి. ప్రకటనలలో కనిపించే నీటి జారుడుబండలను, దీపాల తోరణాలను చూసి మురిసిపోకుండా రెండు అంకెలు అడిగి తెలుసుకోవాలి. ఒకటి ఓడ టన్నేజి, రెండవది ప్రయాణికుల సంఖ్య. టన్నేజి అనగా ఓడ బరువు అని చాలామంది భావిస్తారు గాని, అది ఓడ లోపలి ఘనపరిమాణానికి కొలమానం. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే మనిషికి ఎంత చోటు దక్కుతుందో తెలుస్తుంది. 1990లో నిర్మితమైన ఎంప్రెస్ టన్నేజి సుమారు 48,500. గదికి ఇద్దరి లెక్కన ప్రయాణికులు సుమారు 1,600 మంది. భాగిస్తే 30 వస్తుంది. సింగపూరు నుండి బయలుదేరే ‘జెంటింగ్ డ్రీమ్’ టన్నేజి సుమారు 1,50,000. ప్రయాణికులు సుమారు 3,350. భాగఫలం 45. భోజనశాలలో, లిఫ్టుల వద్ద ఈ తేడా ప్రత్యక్షంగా తెలిసివస్తుంది. అయితే ఎంప్రెస్ వంటి ఓడను మన దేశపు రేవులోనే ఎక్కవచ్చు. సింగపూరుకు విమాన ఛార్జీలు, వీసా ఖర్చు అదనం. చిన్న పిల్లలతో తొలిసారి వెళ్ళేవారికి రెండు మూడు రాత్రుల దేశీయ ప్రయాణమే చాలునని మా అభిప్రాయం.

ఓడ వాతావరణం అంతకంటే ముఖ్యం. జెంటింగ్ డ్రీమ్‌కు ఒక జంట నౌక ఉంది. రెండూ జర్మనీలోని ఒకే కార్ఖానాలో తయారయ్యాయి, ఒకటి 2016లో, మరొకటి 2017లో. ఆ రెండవ ఓడే నేడు ‘అరోయా’ అనే పేరుతో సౌదీ అరేబియా సంస్థ చేతిలో ఉంది. 2024 డిసెంబరు నుండి జిద్దా కేంద్రంగా విహారాలు ప్రారంభించింది. మొదటి ఓడలో హలాల్ వంటశాల ఉన్నప్పటికీ జూదశాల, మద్యశాలలు కూడా ఉన్నాయి. రెండవదానిలో మద్యానికి, జూదానికి తావు లేదు. నమాజు గదులున్నాయి, స్త్రీలకు ప్రత్యేక వసతులున్నాయి. ఇనుము ఒకటే, ఇల్లు వేరు! గల్ఫులో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఇది అందుబాటులో ఉన్న ఎంపిక. ఇక్కడి నుండి వెళ్ళేవారు మాత్రం ఏ ఓడ అయినా సరే, మాంసం హలాల్‌దేనా, ఒకే నూనెలో అన్నీ వేయిస్తారా అన్న విషయాన్ని డబ్బు కట్టకముందే లిఖితపూర్వకంగా అడగటం మేలు. నోటిమాటగా ఏజెంటు చెప్పే ‘అన్నీ ఉంటాయండీ’ అన్న హామీ ఓడ ఎక్కిన తరువాత అన్నం పెట్టదు.

ఇక గదులు. లోపలి గది, కిటికీ గది, బాల్కనీ గది, సూట్ – ఇవి నాలుగు రకాలు. లోపలి గది అన్నింటికంటే చవక. వెలుతురు చొరబడదు, దీపం ఆర్పితే మధ్యాహ్నమూ అర్ధరాత్రే. ఫజ్ర్ వేళ అయినదీ లేనిదీ గడియారం చెప్పవలసిందే. పగలంతా బయట తిరిగి, రాత్రి పడుకోవటానికి మాత్రమే గదికి చేరుకునే యువ దంపతులకు ఇదే చాలు. కిటికీ గదిలో సముద్రం కనిపిస్తుంది, కిటికీ తెరుచుకోదు. కొన్నింటికి ఎదురుగా ప్రాణరక్షక పడవలు వేలాడుతూ ఉంటాయి. అటువంటివి ధర తక్కువకు వస్తే తక్కువకు ఎందుకు వచ్చాయో అడగాలి.

బాల్కనీ గదిని చాలామంది ఆడంబరంగా భావిస్తారు. మేము అలా భావించటం లేదు. పరదా పాటించే స్త్రీలకు ఓడలో తమదంటూ చెప్పుకోగల ఆరుబయలు అదొక్కటే. పై డెక్కులలో ఈతకొలను చుట్టూ ఉండే సంరంభంలో కూర్చోలేని తల్లి, తన బాల్కనీలో టీ కప్పుతో సముద్రాన్ని చూస్తూ గంటలు గడపగలదు. అయితే కొన్ని ఓడలలో పై అంతస్తు నుండి కింది బాల్కనీలు కనిపిస్తాయి. పైన కప్పు పూర్తిగా ఉన్నదేనా అని ఓడ పటంలో చూసుకోవాలి. పసిపిల్లలున్నవారు బాల్కనీ కుర్చీలను కటకటాల వద్ద ఉంచరాదు. సూట్ మీద పెట్టే డబ్బు మాత్రం మాకు సబబుగా తోచదు.

ఛార్జీ సాధారణంగా గదికి ఇద్దరి లెక్కన ఉంటుంది. మూడవ, నాలుగవ వ్యక్తికి తగ్గుతుంది, వారికి గోడ నుండి దింపే పై పడకలు ఇస్తారు. నానీ ఆ నిచ్చెన ఎక్కలేరు కదా! అయిదారుగురున్న కుటుంబానికి మేము సూచించే ఉపాయం ఇది: ఒక బాల్కనీ గది, నడవాకు ఆవల దానికి ఎదురుగా ఒక లోపలి గది. నానీ, మనుమరాళ్ళు ఒకదానిలో, దంపతులు మరొకదానిలో. బాల్కనీ అందరిదీ.

గది ఏ రకమైనదన్న దానికంటే ఎక్కడ ఉన్నదన్నదే నిద్రను నిర్ణయిస్తుంది. ఎర్ర బస్సులో వెనుక సీటు ఎలా ఎగిరెగిరి పడుతుందో, ఓడలో ముందు, వెనుక కొసలు అలా ఊగుతాయి. నడుమ భాగంలో, కింది అంతస్తులలో కదలిక తక్కువ. నీటిలో ఇరుపక్కలా రెక్కల వంటి సాధనాలు పక్కకు ఒరగటాన్ని తగ్గిస్తాయి గాని, ముందు వెనుకల ఊపును ఆపలేవు. పైనా కిందా కూడా గదులే ఉన్న గదిని కోరుకోవాలి. నెత్తి మీద వంటశాల, కాళ్ళ కింద సంగీతశాల ఉంటే తెల్లవారేదాకా కునుకు పట్టదు. ‘గది నంబరు తరువాత చెబుతాము, ధర తగ్గిస్తాము’ అనే టికెట్టు వృద్ధులున్న కుటుంబానికి తగదు. బంగాళాఖాతంలో నైరుతి రుతుపవనాల నెలలు, ఆ తరువాతి తుఫానుల నెలలు విడిచి, ఫిబ్రవరి ప్రాంతంలో వెళితే నీరు కాస్త నెమ్మదిగా ఉంటుంది. వాంతులకు మాత్రలు వైద్యుణ్ణి అడిగి ముందే తీసుకోవాలి, ముఖ్యంగా పిల్లలకు, గర్భిణులకు.

నమాజు విషయంలో ఒక మాట. ఉక్కు గోడల నడుమ ఫోనులోని దిక్సూచి తప్పుదారి పట్టిస్తుంది. చాలా ఓడలలో గదిలోని టీవీ ఓడ ఉన్న చోటును పటంపై చూపుతుంది. దానిని బట్టి ఖిబ్లా నిర్ణయించుకోవచ్చు. బంగాళాఖాతంలో పడమర వైపు తిరిగే మన అలవాటు పనికివస్తుంది గాని, జిద్దా నుండి ఎర్ర సముద్రంలోకి సాగిన ఓడలో మక్కా తూర్పు దిక్కుకు మారిపోతుంది. ఓడ ఊగుతూ నిలబడలేకపోతే కూర్చుని చేయవచ్చునని ధర్మవేత్తలు చెప్పారు. జంట పడకలను కలిపి వేయమని గది సేవకుణ్ణి కోరితే రెండు జానమాజులు పరచుకునే చోటు దొరుకుతుంది. మరుగుదొడ్లలో నీటి గొట్టం సాధారణంగా ఉండదు గనుక చిన్న లోటా వెంట ఉండాలి.

ఖర్చు లెక్కలో టికెట్టు ఒక భాగమే. రేవు రుసుము, పన్ను, సేవకులకు రోజువారీ బహుమానం, ఇంటర్నెట్టు, రేవులలో దిగి చూసే యాత్రలు – ఇవన్నీ వేరుగా అడిగి కూడుకోవాలి. వాయిదాల పద్ధతిలో వడ్డీ మీద విహారాన్ని అమ్మేవారు ఎదురవుతారు. ఆ తలుపు తెరవకుండా ఉండటమే క్షేమం. చేతిలో ఉన్నది చాలకపోతే విశాఖ నుండి అండమానుకు వెళ్ళే ప్రభుత్వ ప్రయాణికుల ఓడ ఉన్నది. అందులో ఆటపాటలు లేవు. బంకు తరగతి నుండి డీలక్సు గది వరకు వివిధ తరగతులున్నాయి. 50–60 గంటల ప్రయాణం, నాలుగు దిక్కులా నీరే. వృద్ధులుంటే బంకు తరగతి జోలికి పోకుండా గదినే తీసుకోవాలి. నెల పొడుగునా నడిచే ఓడ కాదు గనుక తేదీలు ముందే చూసుకోవాలి.

విహార నౌకలో ఎక్కేటప్పుడు పెట్టెలను రేవులోనే తీసుకుంటారు; అవి గది గుమ్మానికి చేరటానికి కొన్ని గంటలు పడుతుంది. మందులు, పిల్లల బట్టలు ఒక జత, జానమాజు, లోటా చేతిసంచిలోనే ఉండాలి.