చోరక్కణ్ణి అలియాస్ మిస్ కేరళ

మీ ఫ్రెండ్స్‌లో అక్వేరియం పిచ్చి ఉన్నవాళ్లుంటే 'మిస్ కేరళ' పేరు వినే ఉంటారు. అందాల పోటీ గురించి కాదండోయ్! జానెడు కూడా ఉండని ఒక మంచినీటి చేప గురించి.

పడమటి కనుమల్లో పుట్టి, కొద్ది దూరం ఉరికి అరేబియా సముద్రంలో కలిసిపోయే చంద్రగిరి, వలపట్టణం, చాలియార్ లాంటి నదులు దీని ఇల్లు. చల్లగా, తేటగా, వేగంగా పారే నీళ్లంటేనే దీనికి ఇష్టం. వెండి రంగు ఒళ్లు, తల నుంచి తోక దాకా నల్ల చార, దానిపైన మూతి నుంచి కంటి మీదుగా సాగే ఎర్ర గీత. అందుకే మలయాళీలు 'చోరక్కణ్ణి' అన్నారు. చోర అంటే నెత్తురు, కణ్ణ్ అంటే మన కన్నే.

1865లో ఫ్రాన్సిస్ డే ఈ చేపని శాస్త్రలోకానికి పరిచయం చేస్తూ, అప్పటి మద్రాసు గవర్నర్ విలియం డెనిసన్ పేరు తగిలించాడు. మన కోస్తా, సీమ జిల్లాలకీ అప్పట్లో ఆయనే గవర్నర్. 2013 నుంచి దీని శాస్త్రీయ నామం 'సహ్యాద్రియా డెనిసోని'.

శతాబ్దం పైగా దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1997లో సింగపూర్ 'అక్వారామా' ప్రదర్శనలో బహుమతి రావడంతో కథ మారింది. విదేశాల్లో గిరాకీ పెరిగింది, వాగుల్లో వలలు పడ్డాయి. 2005-2012 మధ్య మన దేశం నుంచి ప్రమాదంలో ఉన్న మంచినీటి చేపలు 15 లక్షలకు పైగా ఎగుమతయ్యాయని ఒక అధ్యయనం లెక్క తేల్చింది. వాటిలో పెద్ద వాటా దక్కిన రెండు మూడు రకాల్లో మిస్ కేరళ ఒకటి. ఇప్పుడిది అంతరించిపోతున్న జాతుల జాబితాలో ఉంది.

మరి ప్రభుత్వం ఊరుకుందా? లేదు. 2008లో కేరళ ఆంక్షలు పెట్టింది: జూన్, జూలై, అక్టోబర్ నెలల్లో పట్టకూడదని. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ చేప గుడ్లు పెట్టేది అక్టోబర్ నుంచి మార్చి దాకా అని పరిశోధకులు తేల్చారు. అంటే తల్లిచేపలు గుడ్లతో ఉన్న కాలంలో ఎక్కువ భాగం వేటకి గేట్లు తెరిచే ఉండేవన్నమాట! మన రోహు, బొచ్చె లాంటివి వానాకాలంలో గుడ్లు పెడతాయి కదా అని అన్ని చేపలకీ అదే క్యాలెండర్ వాడితే కుదరదు. ఇన్‌పుట్ డేటా తప్పైతే ప్రోగ్రామ్ ఎంత బాగా రాసినా అవుట్‌పుట్ తప్పే వస్తుందని మనకి వేరే చెప్పాలా?

ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. దీన్ని ట్యాంకుల్లోనే పిల్లలు పెట్టించడం ఇప్పుడు సాధ్యమే. కాబట్టి ఎప్పుడైనా అక్వేరియం చేప కొనాలనిపిస్తే, రేటు అడిగే ముందు షాపువాణ్ణి ఇంకో మాట అడగండి: "అన్నా, ఇది ఫారమ్‌లో పెంచిందా, వాగులో పట్టిందా?"